లోపల గుల్ల

ఆ శనివారం పొద్దున మిల్లీమీటరు వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగాలి. మూడో గదిలోకి వెళ్ళి తలుపు వేసుకోవాలి. తను చేస్తున్న చిన్న ఇంజను క్రాంక్ కేసుకి బోరు పెట్టాలి. భోజనం వేళకి ఏమీ ఎరగనట్టు బయటికి రావాలి. ఇందులో ఎవరినైనా నొప్పించే పని గాని, ఎవరి నోళ్ళలోనైనా పడే పని గాని ఒక్కటీ లేదు.

మిల్లీమీటరు అన్నది తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు, ఆఫీసు పెట్టింది. నీళ్ళ పంపులు తయారుచేసే కంపెనీలో ఆయన డ్రాయింగు సెక్షనులో పనిచేశాడు. గీత వెంట్రుకవాసి పక్కకి పోయినా కాగితం చింపేసి మళ్ళీ మొదలుపెట్టే మనిషి. ఉద్యోగమంతా పంపుల బొమ్మలూ ఇంజన్ల బొమ్మలూ గీశాడు గాని, ఒక్క మరమేకైనా తన చేత్తో తిప్పి చేసింది లేదు. గీసిన బొమ్మ కింద సంతకం పెట్టే యోగం కూడా ఆఫీసరుదే. రిటైరయ్యాక ఆ కసంతా పోగేసుకుని ఒక చిన్న లేత్ మిషను కొన్నాడు. గుప్పిట్లో పట్టేంత డీజిలు ఇంజను ఒకటి చెయ్యాలని పచ్చి పోతలు తెప్పించుకున్నాడు. పచ్చి పోతలంటే అచ్చులో పోసి తీసిన లోహపు ముద్దలు. వాటిలో ఇంజను ఉందని అమ్మినవాడు అంటాడు, కొన్నవాడు నమ్ముతాడు. ఉన్నదీ లేనిదీ చెక్కుకున్నాక తెలుస్తుంది.

పిల్లలు కలగని ఆ ఇంట్లో మూడో గది ఏళ్ళ తరబడి ఖాళీగా ఉండి ఉండి, చివరికి ఆ లేత్ మిషనుకి దక్కింది. ఆయన భార్యకి ఆ గదంటే పడదు. అందులోంచి ఎగిరొచ్చే లోహపు రజను ఆవిడ పాదాల్లో గుచ్చుకుంటుంది, ఉతికిన బట్టల్లో మెరుస్తుంది. అందుకని ఆవిడ గడప ఇవతలే ఆగిపోయి, చెప్పవలసిందేదో తలుపుతో చెప్పి వెళ్ళిపోతుంది. పేరుకి డీజిలు ఇంజనే గాని ఇందులో డీజిలు పొయ్యరనీ, ఈథరూ కిరోసినూ ఆముదమూ కలిపి పోస్తారనీ, నిప్పురవ్వ కూడా అక్కర్లేదనీ, లోపలి గాలిని గట్టిగా నొక్కిపెడితే అదే అంటుకుంటుందనీ ఆయన ఒకసారి ఉత్సాహంగా చెప్పబోయాడు.

"అన్నాళ్ళు నొక్కిపెడితే ఏదైనా అంటుకుంటుంది లెండి" అని ఆవిడ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

పిస్టనూ సిలిండరూ క్రాంకూ అన్నీ కుదిరాయి. వాటన్నిటినీ పొట్టలో పెట్టుకునే క్రాంక్ కేసు ఒక్కటే మిగిలింది. ఇరుసు తిరిగే రంధ్రం అందులోనే పెట్టాలి. అది వంకరపోతే మిగతా అన్నిటి కష్టమూ గంగలో కలిసినట్టే. అంచేత భయపడి దాన్ని ఆఖరికి ఉంచుకున్నాడు. ఆ శనివారం దాన్ని లేత్ మీద బిగించి, ఊపిరి బిగబట్టి బోరు పెట్టాడు. రంధ్రం అద్దంలా వచ్చింది. టార్చిలైటు వేసి లోపలికి చూశాడు. సరిగ్గా మధ్యలో, ఇరుసు కూర్చునే చోట, శనగగింజంత గుల్ల నోరు తెరుచుకుని ఆయన్నే చూస్తోంది. పోత పోసినప్పుడు లోపల చిక్కుకుపోయిన గాలి బుడగ అది.

ఆయన కాసేపు స్టూలు మీద కూలబడి, తరవాత ఆ పోతలు అమ్మిన వ్యాపారికి ఫోను చేశాడు. సరిగ్గా అదే సమయానికి, నిచ్చెన అడిగి తీసుకుపోదామని వచ్చిన బావమరిది మూడో గది తలుపు కొట్టబోయి, లోపలి మాటలు చెవిన పడి చెయ్యి ఆపాడు. అతను ఇన్సూరెన్సు ఏజెంటు. ఎదుటివాళ్ళ ఒంట్లో ఏముందో తెలుసుకోవడం అతని వృత్తిలో సగం.

"పైకి నున్నగా, ఏ లోపమూ లేనట్టే ఉందండీ" అంటున్నాడు మిల్లీమీటరు లోపల. "లోపల చూస్తే గుల్ల. సరిగ్గా మెయిన్ దగ్గరే... వాడి వాడి అరగడం వల్ల కాదు, పుట్టుకలోనే ఉండుంటుంది. ఇన్నాళ్ళూ బయటపడలేదు... ప్రెషరు ఎలా నిలుస్తుందండీ, అక్కడే కారిపోతుంది... కొత్తది పెట్టడానికి లేదా? దొరకవా... అయితే బుష్ వెయ్యాలంటారు. వేస్తే ఎన్నాళ్ళు ఆడుతుంది? గ్యారంటీ ఏమీ చెప్పలేరా... సరే లెండి. లేదు, మా ఇంట్లో చెప్పలేదు. చెప్తే ఇల్లు పీకి పందిరేస్తుంది... నాకు పెద్ద ఆశలేం లేవండీ. ఒక్క ఆదివారం అందరి ముందూ బాగా ఆడితే చాలు. ఆ తరవాత ఆగిపోయినా నాకు బాధ లేదు."

బావమరిది నిచ్చెన సంగతి మరిచిపోయాడు. మునివేళ్ళ మీద వెనక్కి నడిచి వంటింట్లోకి వెళ్ళి, అక్కని కుర్చీలో కూర్చోబెట్టి, కుళాయి తిప్పి గ్లాసుడు నీళ్ళు పట్టి, అవి తనే తాగేసి, బావగారి గుండెలో గుల్ల పడిందని చెప్పాడు. స్టెంటు అనే మాట నోరు తిరక్క బావగారు కంగారులో బుష్ అన్నారని తనే అర్థం కూడా చెప్పాడు.

"ఆయన్ని అడక్కు అక్కా. మనకి తెలియకూడదనుకుంటున్నారు. గుండె జబ్బు మనిషి ముందు ఏడవకూడదు. నవ్వుతూ తిరుగు."

ఆవిడకి నవ్వుతూ తిరగడం కొత్త. ఆ మధ్యాహ్నం ఆవిడ మొట్టమొదటిసారిగా మూడో గది గడప దాటి, నేల మీద రజను తొక్కుకుంటూ వచ్చి, పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతూ స్టూలు మీద కూర్చుంది. ఆ నవ్వు చూసి మిల్లీమీటరుకి గుండె ఝల్లుమంది. కరెంటు బిల్లేదో వచ్చిందనుకున్నాడు.

"నాకంతా తెలుసు లెండి" అంది ఆవిడ. "మీరు ఫోన్లో మాట్లాడింది తమ్ముడు విన్నాడు."

"విన్నాడా" అన్నాడు ఆయన, తప్పు పట్టుబడిన పిల్లాడిలా. "నీకు చెప్దామనే అనుకున్నాను. చిరాకు పడతావని ఊరుకున్నాను."

"లోపల గుల్లటగా."

"ఊ. సరిగ్గా మధ్యలో."

"ఎన్నాళ్ళనుంచి?"

"మొదటినుంచీ ఉన్నట్టే. మనం చూసుకోలేదు."

ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కొంగుతో తుడుచుకుంది. పోత గుల్లబారిందని కన్నీళ్ళు పెట్టుకునే మనిషి ఈ భూమ్మీద ఉంటుందనీ, ఆ మనిషి ఇన్నేళ్ళుగా తన ఇంట్లోనే కాపురం చేస్తోందనీ ఆయన ఊహించలేదు.

"బాధపడకు" అన్నాడు. "బుష్ వేస్తే బాగవుతుందన్నాడు."

"ఎక్కడ వేయించుకుందాం? మంచి చోటు చూద్దాం."

"బయటికెందుకు, ఇంట్లోనే. బయటివాళ్ళ చేతిలో పెడితే ఉన్నది కూడా పాడు చేస్తారు."

ఆవిడ ఇంకేదో అనబోయి, తమ్ముడి మాట గుర్తొచ్చి, మళ్ళీ నవ్వింది. ఆయన మొండితనం ఆవిడకి తెలియనిది కాదు. "మీ ఇష్టం" అని, వెళ్తూ వెళ్తూ ఆయన భుజం మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి దిగిపోయాక కూడా ఆయన ఆ భుజం కదపకుండా చాలాసేపు కూర్చున్నాడు.

మర్నాటినుంచి ఆ ఇంట్లో వింత వరస మొదలైంది. కూరలో ఉప్పు మాయమైంది. ఆయన ఒక ముద్ద తిని, తల ఎత్తి చూసి, ఎదురుగా ఆవిడ ఆశగా చూస్తుంటే "బాగుంది" అన్నాడు. తనమీద ఇంత దయ చూపిస్తున్న మనిషి ఉప్పు మరిచిపోతే ఎత్తి చూపడం మర్యాద కాదనుకున్నాడు. ఆవిడ రోజూ మరిచిపోయింది, ఆయన రోజూ మెచ్చుకున్నాడు. నీళ్ళ క్యాను ఎత్తబోతే బావమరిది పరిగెత్తుకొచ్చి లాక్కున్నాడు. మెట్లెక్కుతుంటే కిందింటాయన నడుం పట్టుకుని ఎక్కించాడు. ఎప్పుడూ గొంతెత్తి మాట్లాడే పక్కవాటా ఆవిడ, గోడకి లేత్ శబ్దం తగులుతోందని ఏడాదిగా పోట్లాడుతున్న మనిషి, బుట్టెడు పళ్ళు తెచ్చిపెట్టి, "మీరు ఎంతసేపు కావాలంటే అంతసేపు తిప్పుకోండి. మేం ఇంకెన్నాళ్ళు వింటాం గనక" అంది.

ఇల్లు ఖాళీ చేస్తున్నారు కాబోలు, అనుకున్నాడు మిల్లీమీటరు.

అన్నిటికన్నా వింత ఏమిటంటే, ఆవిడ రోజూ మధ్యాహ్నం మూడో గదికి రావడం. స్టూలు మీద కూర్చుని అడగడం. "ఇదేమిటి? అదెందుకు?" అని. ఆయన చెప్పేవాడు. పిస్టన్ని సిలిండరులోకి దించితే తన బరువుకి తను దిగకూడదనీ, వేలితో నొక్కితే మాత్రం దిగాలనీ, ఆ రెండింటికీ మధ్య ఉన్న తేడా కంటికి కనిపించదనీ చెప్పేవాడు. ఆవిడ వినేది. ఎంత విన్నదో తెలియదు గాని, చెప్తున్నంతసేపూ ఆయన ముఖం మీదినుంచి చూపు తిప్పేది కాదు. పెళ్ళయిన కొత్తలో కూడా ఆవిడ తనని అలా చూసిన గుర్తు ఆయనకి లేదు. చదువుకునే రోజుల్లో తనకి బొమ్మలు వెయ్యడం ఇష్టమనీ, తండ్రి మానిపించాడనీ ఆవిడ ఒక రోజు చెప్పింది. ఇన్నేళ్ళలో ఆ సంగతి ఎప్పుడూ ఎందుకు చెప్పలేదని ఆయన అడగబోయి, తను ఎప్పుడూ అడగలేదన్న సంగతి తట్టి ఊరుకున్నాడు.

ఈలోగా కంచు బుష్ తయారైంది. క్రాంక్ కేసు రంధ్రాన్ని గుల్ల పూర్తిగా పోయేదాకా పెద్దది చేసి, అందులో ఈ కంచు గొట్టాన్ని దించాలి. కేసుని వేడి చేస్తే ఒళ్ళు విరుచుకుంటుంది, బుష్‌ని గడ్డకట్టిస్తే ముడుచుకుంటుంది. ఆ ఒక్క క్షణంలో ఇది అందులోకి జారి కూర్చుంటే, చల్లారాక బ్రహ్మదేవుడు కూడా విడదీయలేడు. దానికి ఓవెనూ ఫ్రీజరూ రెండూ కావాలి. రెండూ వంటింట్లో ఆవిడ ఏలుబడిలో ఉన్నాయి. మామూలు రోజుల్లో అయితే అడిగే ధైర్యం ఆయనకి ఉండేది కాదు.

"ఫ్రీజర్లో కొంచెం చోటు కావాలి" అన్నాడు వంటింటి గుమ్మంలో నిలబడి. "ఓవెను కూడా, కాసేపు."

"దేనికండీ?"

"బుష్ వేసేస్తాను. ఇదిగో."

ఒక చేతిలో ప్లాస్టిక్ సంచిలో చుట్టిన బుష్, ఇంకో చేతిలో పళ్ళెంలో క్రాంక్ కేసు. ఆవిడ పళ్ళెం అందుకుంది. కేసుని పైకెత్తి, కిటికీ వైపు తిప్పి, ఆ రంధ్రంలోంచి వెలుతురు చూసింది. చాలాసేపు చూసింది. తరవాత ఆయన్ని చూసింది. మళ్ళీ ఆ రంధ్రంలోంచి చూసింది.

"గుల్ల ఉన్నది ఇందులోనేనా?" అంది నెమ్మదిగా.

"ఉండేది. తీసేశాను. ఇప్పుడు ఇది ఇందులో కూర్చుంటుంది."

ఆవిడ గట్టు పట్టుకుని నిలబడింది. ముఖం అటు తిప్పుకుంది. ఆ తరవాత ఓవెను తలుపు తనే తీసి, లోపలి గిన్నెలు తనే బయట పెట్టి, "ఎంత వేడి పెట్టమంటారు?" అని అడిగింది. బుష్ జారి కూర్చున్నప్పుడు టిక్కుమని చిన్న శబ్దం వచ్చింది. అది విన్నది వాళ్ళిద్దరే. ఆ రోజు కూరలో ఉప్పు సరిపోయింది. మిల్లీమీటరు అలవాటు కొద్దీ బాగుందన్నాడు గాని, ఎందుకు బాగుందో ఆలోచించలేదు.

తరవాత పనంతా చకచకా సాగింది. ఇంజను కూర్పు అయిపోయింది. ఆయన మూడో గదిలో కూర్చుని ఈథరూ కిరోసినూ ఆముదమూ కలుపుతుంటే, ఆ ఈథరు వాసన తలుపు సందుల్లోంచి దూరి మెట్ల మీదుగా వాటా వాటాకీ వెళ్ళింది. ఆస్పత్రిలో ఆపరేషను గది ముందు కూర్చున్నవాళ్ళు ఎవరూ మరిచిపోలేని వాసన అది. ఇంట్లోనే కోసేస్తున్నారని కిందింటాయన బావమరిదికి ఫోను చేశాడు. బావమరిది ఇక ఆలస్యం చేస్తే లాభం లేదనుకున్నాడు. బావగారు ఫోన్లో ఏ ఆదివారమైతే అన్నారో ఆ ఆదివారం ఇదేనని నిశ్చయించుకుని, బంధువులకీ పాత ఆఫీసు వాళ్ళకీ కబురు పెట్టాడు. వచ్చి చూసి వెళ్ళండి, ఆయనకి మాత్రం తెలిసినట్టు కనపడకండి, అని అందరికీ ఒకే మాట చెప్పాడు.

ఆదివారం పొద్దున హాల్లో కుర్చీలు వేస్తుంటే మిల్లీమీటరు ఆశ్చర్యపోయాడు.

"ఎవరొస్తున్నారు?"

"అందరూ" అంది భార్య, ఇస్త్రీ చేసిన చొక్కా చేతికిస్తూ. "మిమ్మల్ని చూడాలంటున్నారు. మీ దగ్గరున్నదేదో మీరు చూపించండి."

ఆయనకి కళ్ళు చెమర్చాయి. ఇంజను ఆడుతుంటే అందరూ చూడాలన్న తన కోరికని ఈవిడ ఎలా కనిపెట్టిందో, ఎప్పుడు ఇంతమందిని పిలిచిందో. చొక్కా తొడుక్కుని, ఇంజన్ని ఒక చెక్క పలక మీద బిగించి, పైన గుడ్డ కప్పి, బల్ల మీద పెట్టుకున్నాడు.

జనం వచ్చారు. ఒక్కొక్కరే చెప్పులు చప్పుడు కాకుండా విడిచి, గోడవారగా కూర్చున్నారు. పదవీ విరమణ రోజున ఇందులో సగంమంది కూడా రాలేదని ఆయనకి గుర్తుంది. చిన్న ఇంజను మీద లోకానికి ఇంత గౌరవం ఉంటుందని ఎన్నడూ అనుకోలేదు. అందరికన్నా చివర పాత ఆఫీసరు వచ్చాడు. మిల్లీమీటరు గీసిన బొమ్మల కింద ఏళ్ళ తరబడి సంతకాలు పెట్టినవాడు. ఆయన తిన్నగా వచ్చి మిల్లీమీటరు పక్కన కూర్చుని, చెయ్యి తన చేతుల్లోకి తీసుకుని, గొంతు సవరించుకున్నాడు.

"అందరూ వినండి. నాలుగు మాటలు చెప్పాలి. పోయేలోగా చెప్పకపోతే ఇది నన్ను తినేస్తుంది. ఆ లోతు బావి పంపు ఉందే, మన కంపెనీకి పేరు తెచ్చింది, అది నా డిజైను అని అంతా అంటారు. నాది కాదు. ప్రతి గీతా ఇతనిదే. నేను సంతకం పెట్టానంతే. ప్రమోషను నాకొచ్చింది. ఇతను ఒక్కనాడు కూడా నోరెత్తలేదు."

హాల్లో ముక్కు ఎగబీల్చిన చప్పుళ్ళు వినిపించాయి. మిల్లీమీటరు ఉద్యోగమంతా ఎదురుచూసిన మాట అది. కాని ఇప్పుడు ఆయన మనసు ఆ మాట మీద లేదు. 'పోయేలోగా' అన్న మాట దగ్గర ఆగిపోయింది. పాపం, పెద్దాయనకి ఏదో ముంచుకొచ్చింది, అందుకే ఇలా ఒప్పుకుంటున్నాడు.

"సార్" అన్నాడు, ఆయన చెయ్యి నిమురుతూ. "ఇంతకీ మీకు ఒంట్లో ఎలా ఉంది? డాక్టరు ఏమన్నాడు?"

"చూశారా" అన్నాడు పాత ఆఫీసరు కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ. "ఈ స్థితిలో కూడా నా ఆరోగ్యం అడుగుతున్నాడు."

ఏ స్థితో మిల్లీమీటరుకి అర్థం కాలేదు. అయినా అందరూ తనవైపే చూస్తున్నారు గనక లేచి, బల్ల మీది గుడ్డ తీశాడు. రాత్రీ పగలూ మెరుగుపెట్టిన ఇంజను కిటికీ వెలుతురులో తళుక్కుమంది.

"ఇదిగోనండీ. ఇంతమంది వస్తారని నేననుకోలేదు. ఆ రోజు గుల్ల కనపడగానే ఇక అయిపోయిందనే అనుకున్నాను. సరిగ్గా ఇక్కడ వచ్చింది." వేలితో చూపించాడు. "బుష్ వేశాను. ఇక భయం లేదు."

అందరూ ఆయన వేలు వైపు చూశారు. తరవాత ఆయన ఛాతీ వైపు చూశారు. తరవాత బావమరిది వైపు చూశారు.

"బుష్ మీకు కదా బావగారూ వెయ్యాలన్నది?" అన్నాడు బావమరిది నీరసంగా.

"నాకెందుకు వేస్తారోయ్?"

నిజం ఒక కుర్చీ నుంచి ఇంకో కుర్చీకి పాకుతుంటే ముఖాలు వరసగా మారుతూ వచ్చాయి. అందరికన్నా ముందు మారింది పాత ఆఫీసరు ముఖం. ఇందాక మిల్లీమీటరు చెయ్యి పట్టుకున్న తన చేతులు రెండూ ఆయన మెల్లిగా జేబుల్లో పెట్టుకున్నాడు.

"అంటే, నీకేమీ లేదా?"

"మోకాళ్ళ నొప్పులున్నాయి సార్."

"మోకాళ్ళ నొప్పులు" అన్నాడు పాత ఆఫీసరు, ఆ మాటలో తనకి ఉపయోగపడేది ఏమైనా ఉందేమోనని వెతుక్కుంటున్నట్టు.

అప్పుడు అందరూ ఒక్కసారి మాట్లాడారు. ఉన్న ఒక్క సెలవూ పోగొట్టుకుని వచ్చామన్నవారు ఒకరు, ప్రయాణం మానుకున్నామన్నవారు ఒకరు. కిందింటాయన తను నడుం పట్టుకుని ఎక్కించిన మెట్ల సంగతి ఎత్తాడు. పక్కవాటా ఆవిడ పళ్ళ బుట్ట సంగతి ఎత్తింది, లేత్ సంగతి కూడా ఎత్తింది. ఇన్సూరెన్సు ఏజెంటు మాట నమ్మి వచ్చామని బావమరిదిని నాలుగు వైపులనుంచీ తగులుకున్నారు. అతను ఆ తగులు భరించలేక దాన్ని బావగారి మీదికి తిప్పాడు. తలుపేసుకుని అలాంటి మాటలు మాట్లాడితే ఎవరైనా ఏమనుకుంటారని నిలదీశాడు.

మిల్లీమీటరు అందరి ముఖాలూ చూశాడు. వారం రోజులుగా తన మీద కురిసిన దయంతా ఎవరిదో, ఎందుకో, ఇప్పుడు లెక్క తేలుతోంది. భార్య వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. ఆవిడ వైపు చూడలేకపోయాడు. చేతులకి ఏదో ఒక పని కావాలి. కిటికీ రెక్కలు బార్లా తీశాడు. ఇంజను పైన మర ఒక చుట్టు బిగించి, ముందున్న చిన్న చెక్క ఫ్యానుని వేలితో గట్టిగా తిప్పాడు. అది వెనక్కి తన్ని వేలు చితక్కొట్టింది. మళ్ళీ తిప్పాడు. మూడోసారికి అంటుకుంది.

అంత చిన్న ఇంజను అంత రభస చేస్తుందని అక్కడ ఎవరికీ తెలియదు. కందిరీగల తుట్టెని నెత్తిన బోర్లించినట్టు హాలంతా గీపెట్టింది. కిటికీ అద్దాలు వణికాయి. జనం నోళ్ళు కదులుతున్నాయి గాని ఒక్క మాటా వినపడటం లేదు. పాత ఆఫీసరు నోరు కూడా కదులుతోంది. మిల్లీమీటరు ఎవరినీ చూడలేదు. ఫ్యాను కనిపించకుండా తిరుగుతున్న ఆ పల్చటి గాలి చక్రాన్ని చూస్తూ నిలబడ్డాడు. బుష్ దగ్గర చుక్క నూనె కూడా కారడం లేదు. ఉత్త బొమ్మగా మిగిలిపోకుండా, ఇంకెవరూ సంతకం పెట్టకుండా, తన చేత్తో చేసింది ఒకటి బతికి ఊపిరి తీసుకుంటోంది.

బావమరిది అక్క చెవి దగ్గరికి వెళ్ళి అరిచి చెప్తున్నాడు. సరిగ్గా అప్పుడే చిన్న ట్యాంకులో నూనె అయిపోయింది. ఇంజను టక్కున ఆగింది. ఆ నిశ్శబ్దంలో అతని గొంతు మాత్రం ఆగలేదు.

"నిజంగానే పోయుంటే మనకి ఈ అప్రతిష్ఠ ఉండేది కాదక్కా."

హాలు మొత్తం విన్నది. బావమరిది నోరు మూసుకున్నాడు గాని మాట బయటే ఉండిపోయింది. అది అన్యాయం అని ఎవరైనా అంటారేమోనని మిల్లీమీటరు ఒక్క క్షణం చూశాడు. జనం చెప్పులు వెతుక్కుంటున్నారు.

"భోజనాలు చల్లారిపోతున్నాయి" అంది ఆయన భార్య. "తినేవాళ్ళు తినండి. వెళ్ళేవాళ్ళు తలుపు దగ్గరగా వేసి వెళ్ళండి."

ఎవరూ తినలేదు. పాత ఆఫీసరు గుమ్మం దాకా వెళ్ళి మళ్ళీ వెనక్కి వచ్చాడు. గొంతు తగ్గించి, "ఇందాక నేనేదో ఆవేశంలో అన్నాను" అన్నాడు. "దుఃఖంలో మనిషి ఎక్కువ చేసి చెప్తాడు. ఆ పంపు విషయం మనసులో పెట్టుకోకు. నీకు ఇలా బాగుంటుందని తెలిస్తే ఆ ప్రస్తావనే తెచ్చేవాణ్ణి కాదు."

"మంచిది సార్" అన్నాడు మిల్లీమీటరు.

ఇల్లు ఖాళీ అయింది. అడ్డదిడ్డంగా జరిగిన కుర్చీల మధ్య ఆయన కూర్చుని, చితికిన వేలు నోట్లో పెట్టుకున్నాడు. ఆవిడ ఒక గుడ్డ తడిపి తెచ్చి వేలికి చుట్టింది.

"నన్ను క్షమించు" అన్నాడు. "నీ తమ్ముడు అలా చెప్పాడని నాకు తెలియదు. ఉత్త పుణ్యానికి వారం రోజులు ఏడిపించాను నిన్ను."

"వారం కాదు. ఓవెను అడిగిన రోజునే నాకు తెలిసిపోయింది."

ఆయన తల ఎత్తాడు. "తెలిసే ఇదంతా జరగనిచ్చావా?"

ఆవిడ ముడి వేస్తూ ఆయన వేలినే చూస్తోంది. "ఇంజను చేశారు, చూద్దురుగాని రండి, అంటే ఎవరొస్తారండీ? మీరు పోతారంటే అందరూ వచ్చారు."

ఆ మాట తప్పనడానికి ఆయనకి ఏ ఆధారమూ దొరకలేదు. అడగకుండా ఉండలేక అడిగాడు. "మరి నువ్వు? ఆ గదిలోకి?"

"నేనూ మొదట అందుకేగా వచ్చింది" అంది ఆవిడ. అబద్ధం చెప్పి ఉంటే బాగుండునని ఇద్దరికీ అనిపించింది. ఆవిడ చెప్పలేదు. లేచి, తినేవాళ్ళు లేని గిన్నెలన్నీ ఒకటొకటిగా ఫ్రిజ్‌లో సర్దడం మొదలుపెట్టింది. ఆయన వెనకే వెళ్ళి, బాగున్న చేత్తో ఒక్కొక్కటీ అందించాడు.

మర్నాడు పొద్దున పాత ఆఫీసరు ఫోను చేశాడు. మిల్లీమీటరు చేతికి కట్టు ఉండటంతో ఆవిడే తీసింది. అటునుంచి ఆయన కాసేపు వాతావరణం గురించి మాట్లాడి, మోకాళ్ళ నొప్పులకి ఏదో తైలం చెప్పి, చివరికి అసలు సంగతికి వచ్చాడు. నిన్న తను మాట్లాడుతున్నప్పుడు ఎవరైనా ఫోన్లో రికార్డు చేశారా అని ఊరికే అడుగుతున్నానన్నాడు.

"చేశామండీ" అంది ఆవిడ. "ప్రతి మాటా ఉంది. జాగ్రత్తగా దాచాం." ఫోను పెట్టేసింది.

"చేశావా?" అన్నాడు మిల్లీమీటరు.

"నాకెక్కడ చేతనవునండీ."

అప్పటినుంచి మిల్లీమీటరు ఆరోగ్యం ఎలా ఉందో క్రమం తప్పకుండా ఫోను చేసి, ఎంతో ఆశగా కనుక్కుంటున్నవాడు పాత ఆఫీసరు ఒక్కడే.